ఏడో పారాచూట్

మే నెల మూడో ఆదివారం, ఉదయం ఎనిమిదీ నలభై. పట్టపగలు జరిగింది కాబట్టే రాస్తున్నాను. దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ఎవరైనా ఏదో చూశామంటే, ఎంత దూరంలో, ఎంత వెలుతురులో అని అడిగేదాన్ని.

మండపేట దగ్గర మా ఊరు. దాళ్వా వరి కోతలయ్యాక ఖాళీగా ఉన్న నా చేను, విమానంలోంచి పారాచూట్లతో దూకే ఒక క్లబ్బుకి ఇచ్చాను. నా మనవరాలు ప్రసన్న కూడా వాళ్లతో దూకుతుంది. చేనుకి అవతల చేపల చెరువు, ఆ పక్కనే మా తమ్ముడు సత్తిబాబు రైసు మిల్లు. ఆ ఆదివారం మిల్లు ఆవరణలో వాడి కొడుకు పెళ్లి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణానికి హెలికాప్టర్‌లోంచి పూలు చల్లించాలని వాడి ఆర్భాటం.

క్లబ్బు మేనేజరు ముందురోజే వాడికి విడమరిచి చెప్పాడు. దూకిన మనిషి పారాచూట్ విచ్చుకునేదాకా రాయిలా పడతాడు, హెలికాప్టర్ పైలట్‌కి కనపడడు. విచ్చుకున్నాక కూడా హెలికాప్టర్ రెక్కల గాలి తగిలితే అది ముడుచుకుపోతుంది. ఆఖరి మనిషి నేల మీద నిలబడ్డాక, మేం కబురు చేశాకే రావాలి అన్నాడు.

ఆ ఉదయం విమానం ఆలస్యంగా లేచింది. ఆగమని మేనేజరు ఫోన్ చేసినప్పుడు నేను తమ్ముడి పక్కనే ఉన్నాను.

"ముహూర్తం ఆగుద్దేంటక్కా? ఆ దూకేవాళ్లనే ఆగమను."

"పైన ప్రసన్న ఉందిరా."

"నీ మనవరాలు గాల్లో ఆగుద్దేమో గానీ పంతులుగారు ఆగరు," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

అంతలో హెలికాప్టర్ పైలట్ బయల్దేరబోతూ ఫోన్ చేసి, అందరూ దిగారా అని అడిగాడు. "దిగిపోయారండి, వచ్చెయ్యండి," అన్నాడు నా తమ్ముడు. ఆ గొంతు తలుచుకుంటే నాకు ఇప్పటికీ వెలపరం.

చెరువు గట్టుకి పరుగెత్తి తలెత్తాను. ఆకాశంలో ఏడు పారాచూట్లు. ఆరు రంగులవి, ఒకటి తెల్లది. ప్రసన్నది నీలం. హెలికాప్టర్ తిన్నగా ఆ నీలం వైపే వస్తూ, ఉన్నట్టుండి ఎడమకి ఒరిగి పక్కకి వెళ్లిపోయింది. పూలన్నీ చెరువులో పడ్డాయి. కంగారులో ప్రసన్న గట్టు మీద పడి చీలమండ విరగ్గొట్టుకుంది.

పైలట్ దిగి మా దగ్గరికి వచ్చాడు. "తెల్లది ఎదురొచ్చిందమ్మా. దాన్ని తప్పించబోయి తిప్పాను. నీలంది నేను చూడనే లేదు. తెల్లదాని కింద మనిషి లేడండి."

విమానం ఎక్కింది ఆరుగురు, దిగిందీ ఆరుగురే. క్లబ్బులో తెల్ల పారాచూట్ లేదు. పందిరి గుడ్డ ఎగిరిందేమోనని చూశాను. పందిరంతా గులాబీ రంగు. చెరువు, మిల్లు కప్పు, చేలు అన్నీ వెతికించాను. పెళ్లి వీడియోలో ఆరే ఉన్నాయి. తెల్లది కనిపించిన చోట ఖాళీ ఆకాశమే, హెలికాప్టర్ అకారణంగా ఒరిగినట్టుంది.

తమ్ముడు వచ్చాడు. ప్రసన్న కాలు వైపు చూడలేదు. "పూలన్నీ చేపలకి పోశాడు వెధవ," అన్నాడు.

పోయినవి ఇవి. రెండు బస్తాల పూలరేకులు. ప్రసన్నకి ఆ వేసవంతా. నాకు ఒక తమ్ముడు.

ప్రాణం ఒక్కటీ పోలేదు. ఎందుకు పోలేదో నాకు తెలియదు.