పెదనాయనకు దుబాసీగా ఒక రోజు

ఆ రోజుల్లో శుభ్రత అనేది నాకూ, నా గ్లవ్సు డబ్బాకూ మాత్రమే తెలిసిన విద్య అని నా గట్టి నమ్మకం. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మేముండే తమిళ ఊళ్లోనే, నటేశన్ నగర్‌లో ఒక గది తీసుకుని టాటూలు వేయాలని ఉబలాటం. ముందు ఒక రోజు శిక్షణకు వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకోవాలన్నారు. చెవులు కుట్టేవాళ్లకూ అదే శిక్షణ అని తెలిసేసరికి, కోసపాళయంలో నగల పని చేస్తూ నలభై ఏళ్లుగా పిల్లల చెవులు కుడుతున్న మా పెదనాయన వచ్చి నా స్కూటీ వెనక కూర్చున్నాడు. పాఠం చెప్పే సారు బొంబాయి మనిషి. ఆయనకు ఇంగ్లీషూ హిందీ తప్ప రావు. పెదనాయనకు ఆ రెండే రావు. మధ్యలో నేను.

సారు సూదులు పెట్టే ఆవిరి యంత్రం చూపించాడు. "ఏంది పాపా, మన కుక్కరే గదా అది? ఎన్ని విజిల్సో అడుగు" అన్నాడు పెదనాయన. "పరువు తియ్యొద్దు పెదనాయనా" అన్నాను. "అడగతావా లేదా?" అడిగాను (విజిల్సు ఊసెత్తకుండా). సూదిని మంటలో కాలిస్తే చాలదన్నాడు సారు. పెదనాయనకు రోషం వచ్చింది. "ఆయన పుట్టకముందు నించీ కాలుస్తా ఉండాను, ఒక్క చెవికీ చీము పట్టలేదని చెప్పు!" నేను సారువైపు తిరిగి, "మీ పాఠం చాలా ఉపయోగంగా ఉందంటున్నారు" అన్నాను. సారు మురిసిపోయి మమ్మల్నిద్దర్నీ ముందు వరసలోకి పిలిచి కూర్చోబెట్టాడు. ఇక చూడాలి నా అవస్థ. భోజనాల వేళకు నా గొంతు ఎండిపోయింది, పెదనాయన ప్రశ్నలు మాత్రం తరగలేదు.

సాయంత్రం చేతులు కడిగే పరీక్ష. అందులో తప్పితే వచ్చే బ్యాచికి మళ్లీ రావాలి. ఆయన తప్పితే మళ్లీ నేనే దుబాసీనని భయపడి, "గోళ్ల సందులు బాగా రుద్దు, బొటనవేలు మరవద్దు" అని వెంటపడ్డాను. "నువ్వు పోయి కడుక్కో పాపా" అని విసుక్కున్నాడు.

చేతులకు ఏదో క్రీము పూసి, సబ్బుతో కడిగించి, నీలి దీపం కింద పెట్టించారు. క్రీము మిగిలినచోట తెల్లగా మెరుస్తుందట. నా ఉంగరం కింద, గోళ్ల చుట్టూ, రెండు బొటనవేళ్ల వెనకా దీపావళి. పెదనాయన చేతుల్లో ఒక్క చుక్క లేదు. ఎలా కడిగారో అడగమన్నాడు సారు.

"బంగారం పని గదా. రాలిన బంగారు రజను గోరు సందులో ఉండిపోతే మళ్లా యాడ వెతికేది? దినమూ పళ్లెంలో చెయ్యి పెట్టి బ్రష్షుతో తోముతాను" అని, నావైపు వంగి మెల్లగా అన్నాడు: "ఇదన్నా ఉన్నదున్నట్టు చెప్పు పాపా."

చెప్పాను, తల వంచుకుని.

పెదనాయన సర్టిఫికెట్ తెచ్చుకుని, ఆ నెలలోనే మంటలో సూది కాల్చడం మాని ఆవిరి యంత్రం కొన్నాడు. పరీక్ష తప్పి తర్వాతి బ్యాచికి మళ్లీ వెళ్లింది నేనొక్కదాన్నే. ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే అమ్మాయిలు నా వెనక "అక్కకు చేతుల పిచ్చి" అని తమిళంలో గొణుక్కుంటారు. వినబడనట్టే ఉంటాను. పక్కవాళ్ల గోళ్లు చూస్తూ తన ఉంగరం తీయడం మరిచిన ఆనాటి ఇరవై రెండేళ్ల పిల్ల మీద నాకు కోపం లేదు. పాపం, ఎంత కష్టపడి అబద్ధాలు చెప్పిందో ఆ రోజు!