ఎడమ మూలలో తీగ

జహీరాబాద్‌లో ఒక ఫోటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేయడం నా పని. ఫోటోలు తీసేది వేరేవాళ్లు. కంప్యూటర్ ముందు కూర్చుని వాటిని దిద్దేది నేను. పెళ్లికూతురి తల వెనక వేలాడే కరెంటు వైర్లు, లడ్డూల పళ్లెం మీద వాలిన ఈగలు, వరుసలో చివర నిలబడి ఆవులిస్తున్న మేనమామ నోరు, ఇవన్నీ రోజంతా చెరిపేస్తూ ఉంటాను. ఏళ్ల తరబడి ఇదే పని కావడంతో చెయ్యి దానంతటదే పోతుంది.

ఆదివారాలు మాత్రం నావి. స్టూడియో కెమెరా, వైడ్ లెన్సు అడిగి తీసుకుని ఝరాసంగం వైపు షేర్ ఆటో ఎక్కేదాన్ని. అటు బీడు భూముల్లో కృష్ణజింకలు తిరుగుతాయి.

దూరం నుంచి పొడవాటి లెన్సుతో తీస్తే జింక ఒక్కటే వస్తుంది. నాకది చాలేది కాదు. ఎర్రనేల, గడ్డి, పైన ఆకాశం, ఆ ఆకాశం కింద నిలబడ్డ జింక, అన్నీ ఒకే ఫోటోలో కావాలి. వైడ్ లెన్సుతో అలా రావాలంటే జింక కెమెరాకు నాలుగైదు అడుగుల దగ్గరికి రావాలి. మనిషి ఉంటే అది రాదు. అందుకని కెమెరాను నేల మీద పెట్టి, గోనెసంచి కప్పి, మనం ఎక్కడో దాక్కుని చేతిలోని రిమోట్ నొక్కాలి.

ఎక్కడ పెట్టాలో నాకు చెప్పింది ఒక రైతు. నేను కాకా అని పిలిచేదాన్ని. బీడును ఆనుకుని ఆయన జొన్నచేను, చేను ఆ చివర బోరు, దాని పక్కన రేకుల ఇల్లు. మగజింక రోజూ వచ్చి ఒకేచోట పెంటికలు వేస్తుందని, ఆ కుప్ప నాకు చూపించి, "గీడ పెట్టు నీ డబ్బ. వాడు యాడ తిరిగినా పొద్దుమీకె వరకు గీడికే వస్తడు" అన్నాడు. ఆయన భార్యను చిన్నమ్మ అనేదాన్ని. వెళ్లినప్పుడల్లా మజ్జిగ ఇచ్చి, "ఎండల పడి గా జింకలెందుకు బిడ్డ" అని నవ్వేది.

నాలుగు ఆదివారాలు ఏమీ దొరకలేదు. ఒకసారి జింక కాళ్లు మాత్రమే వచ్చాయి. ఒకసారి కాకి వచ్చి లెన్సు మీద పొడిచింది. ఇంకోసారి అన్నీ కుదిరాయి గానీ ఆకాశం తెల్లగా, ఉతికిన గుడ్డలా ఉంది.

ఐదో ఆదివారం నేను వెళ్లేసరికి మధ్యాహ్నం రెండయింది. అంతకుముందు రోజు సాయంత్రం పెద్ద గాలిదుమారం లేచి అటువైపు ఊళ్లన్నిటికీ కరెంటు పోయిందని ఆటోలో చెప్పుకున్నారు. కాకా ఇంటికి తాళం ఉంది. ఊళ్లోకి వెళ్లి ఉంటారనుకున్నాను. జొన్న సాళ్ల మధ్య నుంచి నడిచి, చివర వంగి, మోచేతుల మీద పాక్కుంటూ బీట్లోకి దిగాను. జింకలు దూరంగా మేస్తున్నాయి. కెమెరా పెట్టి మళ్లీ పాక్కుంటూ చేలోకి వచ్చి కూర్చున్నాను.

అయిదు దాటాక పడమర నుంచి మబ్బు లేచింది. నల్లగా కాదు, ముదురు నీలంగా, అడుగున కోసినట్టు తిన్నగా. దాని కింది సందులోంచి ఎండ అడ్డంగా వచ్చి బీడంతా పసుపు చల్లినట్టయింది. అలాంటి వెలుగు పది నిమిషాలకు మించి ఉండదు. మగజింక ఇంకా రాలేదు. నేనున్న చోటు నుంచి కెమెరా ఏం చూస్తుందో నాకు కనపడదు. పెట్టేటప్పుడే నేలను కింద పావు వంతుకే ఉంచి, మిగతాదంతా ఆకాశానికి వదిలాను. జింక కుడివైపు నిలబడితే కొమ్ములు మబ్బు మీద పడతాయి. ఎడమవైపు నిలబడితే తల మబ్బులో కలిసిపోతుంది. అంతా లెక్కే, చేతిలో ఏమీ లేదు.

ఉరిమింది. తలకంటే ఎత్తున్న జొన్నలో ఒక్కదాన్నే కూర్చున్నానని అప్పుడు తట్టింది. లేచి పరుగెత్తాలనిపించింది. సరిగ్గా అప్పుడే అది వచ్చింది. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, మెలితిరిగిన కొమ్ములు. కుప్ప దగ్గర ఆగి తలెత్తి మబ్బు వైపు చూసింది. రిమోట్ నొక్కాను. మళ్లీ నొక్కాను. ఆరోసారికి మెరిసింది, జింక ఎగిరి దూకి పోయింది, వాన మొదలైంది. పాక్కుంటూ పోయి కెమెరాను ఒళ్లో పెట్టుకుని వెనక్కి వస్తుంటే చున్నీ దేనికో పట్టుకుంది. ముల్లనుకుని గట్టిగా లాగాను. చిరిగి వచ్చేసింది.

సోమవారం స్టూడియోలో భోజనాల వేళ ఆ ఫోటో తెరిచాను. మూడోది. కొమ్ములు రెండూ మబ్బు మీద, చెవి అంచున ఎండ. మా స్టూడియో నడిపే అన్న టిఫిన్ డబ్బా మూత పట్టుకుని నా వెనక నిలబడిపోయాడు.

"అరె, గిదెప్పుడు దీసినవమ్మా? హైదరాబాద్‌ల ఫోటోల పోటీ వెట్టిన్రు గద, దానికి పంపు. మబ్బు జర నల్లగ జెయ్యి."

"మస్తుగ ఉన్నదన్నా అది. ఎక్కువ జేస్తె దొంగ ఫోటో లెక్క కనవడతది."

మబ్బు జోలికి పోలేదు. నేల మాత్రం చీకటిగా ఉంది. గడ్డి కనపడేలా కింది నీడల్ని కొంచెం కొంచెం పైకి తెచ్చాను. ఎడమ మూలలో ఒక గీత తేలింది.

గడ్డిలో తిన్నటి గీత ఉండదు. పెద్దది చేసి చూశాను. సన్నటి ఇనుప తీగ. మోకాలికంటే కొంచెం కిందగా, వెదురు పుల్లలకు కట్టి ఉంది. పుల్లకూ తీగకూ మధ్య సైకిల్ ట్యూబు ముక్క.

నేను రాయికోడ్ దగ్గరి రైతుల ఇంటి పిల్లను. ఆ ట్యూబు ముక్క ఎందుకో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పందుల కోసం చేను చుట్టూ తీగ కట్టి బోరు మోటారు డబ్బాలోంచి కరెంటు ఇస్తారు, అది పుల్లలోంచి నేలలోకి దిగకుండా ఆ రబ్బరు. మా ఊళ్లో అట్లా ఒక ఎద్దు చనిపోయింది, నేను చూశాను.

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, నేను మొదట చేసిన పని ఆ తీగను చెరిపేయడం. ఒక్క నిమిషం పట్టలేదు. తీగ పోయింది, పుల్లలు పోయాయి, వాటి చోట గడ్డి వచ్చింది. ఫోటో ఇంకా బాగుంది. అప్పుడు చున్నీ గుర్తొచ్చింది. దాన్ని పట్టుకున్నది ముల్లు కాదు. రెండుసార్లు కాదు, పోతూ వస్తూ నాలుగుసార్లు ఆ తీగ దాటాను. పొట్ట మీద పాకుతూ దాటాను.

కాకాకు ఫోన్ చేశాను. నాలుగోసారికి ఎత్తాడు. వెనక ఏవో గొంతులు, పసిపిల్ల ఏడుపు.

"దవాఖానల ఉన్న బిడ్డ. కోడలికి నొప్పులొస్తె నిన్న తెల్లారకముందే అందరం వచ్చినం. మనుమరాలు వుట్టింది." గొంతు నిండా సంతోషం.

"చేను కాడ ఎవరున్నరు కాకా?"

"ఎవ్వరు లేరు. ఎందుకు?"

"తీగె బంద్ జేసే వచ్చిన్రా?"

"ఏం తీగె?" అన్నాడు.

"ఫోటోల వడ్డది కాకా."

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. స్టూడియో అన్నకు కడుపునొప్పి అని చెప్పి బయటికొచ్చాను. ఆటో ఆరుగురు నిండితే గానీ కదలనన్నాడు. ఆ పావుగంట నేను అనుభవించింది ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. బంద్ చేసి ఉంటే కాకా ఆ మాటే చెప్పేవాడు కదా అన్నదొక్కటే తలలో తిరిగింది.

చేను దగ్గర దిగేసరికి పక్క పత్తిచేలో ముగ్గురు ఆడవాళ్లు కలుపు తీస్తున్నారు. వాళ్లలో ఒకామె కొడవలి పట్టుకుని గడ్డి కోసుకోవడానికి కాకా గట్టు వైపే వస్తోంది. రోడ్డు మీది నుంచే అరిచాను.

"అక్కా, ఆగు! గట్టెక్కకు! తీగెకు కరెంటున్నది!"

ఆమె ఆగింది గానీ నమ్మలేదు. "పట్టపగలు కరెంటేంది? వాళ్లు పొద్దుగాలనే తీస్తరు" అంది.

"వాళ్లు లేరు. నిన్నటిసంది దవాఖానల ఉన్నరు."

దగ్గరికి పోయి, పది అడుగుల ఇవతల నిలబడి చూశాను. తీగ కింద కుందేలు పడి ఉంది. కాళ్లు కర్రల్లా చాచుకుని, మూతి దగ్గర చీమలు. ఆమె కూడా చూసింది. కొడవలి కింద పడేసి రెండు చేతులతో నోరు మూసుకుంది.

మోటారు డబ్బా ఇంటి పక్కన ఉంది. తీగ ఎటునుంచి ఎటు పోయిందో తెలియక అటు అడుగు వేయడానికి నాకు ధైర్యం చాలలేదు. ఎవరూ రాకుండా గట్టు దగ్గరే నిలబడ్డాను. ఆ ముగ్గురూ రోడ్డు మీదికి పోయి నిలబడ్డారు. ఎంతసేపో తెలియదు. ఎవరిదో బండి వెనక కూర్చుని కాకా వచ్చాడు. చెప్పులు కూడా లేవు. నా వైపు చూడకుండా ఇంటి దారిన పోయి డబ్బా తెరిచాడు. లోపల కరెంటు ఉందని చెప్పే ఎర్రబల్బు వెలుగుతోంది, నాకు దూరం నుంచే కనపడింది. హ్యాండిల్ కిందికి గుంజి, డబ్బాకు చెయ్యి ఆనించి అట్లాగే ఉండిపోయాడు.

తర్వాత వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"రోజు పొద్దుగాల మీ చిన్నమ్మ కరెంటు తీస్తది. నిన్న నేను ముందుగల్ల బయటికొచ్చిన గద, నేనే తీసిన్ననుకున్నదట. ఆమె తీసిందని నేననుకున్న."

"నిన్న నేను గీ తీగె నాలుగుసార్లు దాటిన కాకా."

ఆయన తలెత్తాడు. "ఎన్నిగంటలకు?"

"రెండింటికి. మళ్ల అయిదున్నరకు."

పత్తిచేలోని ఆమె రోడ్డు మీది నుంచే అంది. "మాకు కరెంటు నిన్న పొద్దుమీకినంక వచ్చింది. ఆరు గంటలైతుండె."

కాకా కండువా తీసి ముఖం మీద కప్పుకున్నాడు. నాకు కోపం వచ్చి ఉండాల్సింది. వచ్చింది కూడా.

కండువా తీయకుండానే అడిగాడు. "ఆ ఫోటో ఎవ్వరికన్న చూపిచ్చినవా?"

"మా స్టూడియో అన్న జూసిండు. తీగె ఆయన కంటవడలే. నేను దాన్ని ఫోటోలకెల్లి తీసేసిన."

"మరి తీసేస్తివి గద. ఇంకేంది ఫికర్?"

తప్పు ఆయన ఒక్కడిదే అనడానికి లేదు. ఫోన్ చేయడానికి ముందు నేను చేసిందీ అదే కదా.

మర్నాడు చిన్నమ్మ దవాఖాన నుంచి వచ్చిందట. ఎవరితోనూ మాట్లాడకుండా చేను చుట్టూ తిరిగి తీగనంతా చుట్ట చుట్టిందట. "పందులొస్తె?" అని కాకా అడిగితే, "రానియ్యి. ఇంట్ల పసిపిల్ల ఉన్నది. రేపు నడుస్తది" అందట. పత్తిచేను ఆమె ఒకరోజు స్టూడియోకు పాస్‌పోర్టు ఫోటో కోసం వచ్చి ఇదంతా నాకు చెప్పింది.

పోటీ వాళ్లు, దిద్దిన ఫోటోతోపాటు కెమెరాలోంచి వచ్చిన అసలు ఫోటో కూడా పంపమన్నారు. ఉన్నదాన్ని తీసేయకూడదు, లేనిదాన్ని పెట్టకూడదు. తీగతో పంపితే కాకా మీద కేసు అవుతుంది. తీగ లేకుండా పంపితే అబద్ధం. మూలను కోసేస్తే మబ్బు అంచు తెగిపోయి జింక గోడకు ఆనించినట్టయింది. అట్లా కోసి చూశాను, ఇట్లా కోసి చూశాను. ఆఖరి రోజు కంప్యూటర్ కట్టేసి ఇంటికి పోయాను. స్టూడియో అన్న వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

ఆ ఏడు కాకా చేలో సగం జొన్న పందుల పాలైంది. నాకు ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. చలికాలంలో ఒకరోజు చిన్నమ్మ చేసింది. పిల్లకు పేరు పెట్టుకున్నారట, ఒక ఫోటో తీసి పెట్టమంది.

వెళ్లాను. పిల్ల ఫోటోలు తీశాక కాకా తనంతట తానే, "జింకలు గట్టు అవతలికి మళ్లినయి. చూస్తవా?" అన్నాడు. తన చేలో తీగ లేకపోయినా ముందు తానే నడిచాడు. చేతిలో ఎండిన వెదురు కట్టెతో అడుగడుగునా గడ్డిని తట్టుకుంటూ పోతున్నాడు.

"నేను అడుగేసిన కాడనే నువ్వెయ్యి బిడ్డ" అన్నాడు వెనక్కి తిరగకుండా. "గట్టు అవతల పక్కోళ్లది. వాళ్లేం కట్టిన్రో నాకెర్కలేదు."