తరగని మందు సీసా

హైటెక్ సిటీలో ఒక ఆఫీసులో నా ఉద్యోగం. సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో తెలియనివాళ్లకు తెలిసేలా రాయడం నా పని. ఏ బటన్ తర్వాత ఏ బటన్ నొక్కాలో పన్నెండేళ్లుగా రాస్తున్నాను. ఎవరూ చదవరన్న ధైర్యంతోనే రాస్తున్నాను. చదివి, అక్షరం పొల్లుపోకుండా పాటించే మనిషి మా ఇంట్లోనే ఉందని ఆలస్యంగా తెలిసింది.

మా నాలుగేళ్ల పాప ఆమెను పెద్దమ్మ అంటుంది కాబట్టి మేమూ అదే అంటాం. వనపర్తి వైపు మనిషి. మణికొండలో మా వెనక వీధిలోనే కిరాయికి ఉంటుంది. పొద్దున్నే మా ఇంటికొచ్చి, నేనూ నా భార్యా ఆఫీసుల నుంచి వచ్చేదాకా పాపను చూసుకుంటుంది.

ఆ వారం పాపకు చెవిపోటు, జ్వరం. డాక్టరుగారు రెండు మందు సీసాలు రాశారు. లోపల పొడి ఉంటుంది, నీళ్లు కలిపితే గులాబీరంగు సిరప్ అవుతుంది. రెండు పూటలా ఐదేసి మిల్లీలీటర్లు, ఐదు రోజులు. మూడో రోజుకు మొదటి సీసా ఖాళీ కావాలి. నేను నా విద్యంతా ఉపయోగించి చీటీ రాసి ఫ్రిజ్‌కు అంటించాను: ‘కాచి చల్లార్చిన నీళ్లు సీసా మీది గీత వరకు పోయాలి. బాగా కుదపాలి. మూతలో ఐదు గీత దాకా కొలిచి పట్టాలి. పైవన్నీ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చేయాలి.’

మొదటి పూట మందు పట్టడానికి పెద్దమ్మకు రెండు చేతులూ చాల్లేదట. మూడో రోజుకు పాప తనే నోరు తెరుస్తోందని విని, బుద్ధి నా పోలికేనని మురిసిపోయాను. చెవి మాత్రం తగ్గలేదు. పాప చెవి పట్టుకుని ఏడుస్తూనే ఉంది. పిలిస్తే రెండోసారికి గానీ పలకడం లేదు.

ఆ సాయంత్రం రెండో సీసా కలుపుదామని ఫ్రిజ్ తెరిచాను. మొదటిది గీత దాకా నిండుగా ఉంది. గులాబీరంగు వెలిసిపోయి బియ్యం కడిగిన నీళ్లలా ఉంది.

“పెద్దమ్మా, మందు పట్టలేదా?”

“పట్టకేంది సార్! పూట తప్పలే. మీరు రాసినట్టె పొద్దుమాపు గీత దాంక నీళ్లు పోస్తున్న. ఒక్క చుక్క తక్కువ పొయ్యలే.”

ఫ్రిజ్ మీది నా చీటీ మళ్లీ చదివాను. ‘పైవన్నీ’లో నీళ్లు పోయడమూ ఉంది.

“రంగు దిగుతుంటె నాక్కూడ అనుమానమొచ్చింది. సదువుకున్నోళ్లు రాసిన్రు గదా, ఊకున్న.”

వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేశాను.

“ఆ సీసా వాడకండి. కొత్తది కలిపి, ఇవాళ్టి నుంచి మళ్లీ ఐదు రోజులు పూర్తిగా పట్టండి. రేపు పాపను ఒకసారి చూపించండి. అయినా పూటపూటా నీళ్లు పోయమని ఎవరు చెప్పారండీ?”

“నేనేనండి.”

“మీరేం చేస్తుంటారు?”

“ఎలా వాడాలో... రాస్తుంటానండి.”

అవతల చిన్న దగ్గు వినిపించింది. నవ్వు ఆపుకున్నారనుకుంటాను.

చీటీ చింపేసి కొత్తది రాయబోతుంటే పెద్దమ్మ పక్కన నిలబడింది.

“జర ఆగుండ్రి సార్. నీళ్లు ఎవరు కలుపుతరు?”

“నేనే. ఒక్కసారే.”

“అయితె నాకెందుకు గీత సంగతి? తీసెయ్యుండ్రి. కలిపిన సీసా నా చేతికియ్యుండ్రి. పొద్దుమాపు కుదిపి, మూతల ఐదు దాంక పోసి తాపుత. గంతే.”

నా నాలుగు వాక్యాలు ఒక్కటయ్యాయి. పన్నెండేళ్లలో ఇంత చక్కగా నా రాత దిద్దినవాళ్లు లేరు. సీసా మీద మాత్రం పెద్ద అక్షరాలతో ‘నీళ్లు కలిపేశాం, మళ్లీ పోయొద్దు’ అని అంటించాను.

అసలు మందు తగిలేసరికి పాప మళ్లీ మూతిముడిచి కేకలు పెట్టింది. ఆ కేకలు నా చెవులకు ఎంత హాయిగా ఉన్నాయో! చూస్తుండగానే సీసా తరిగింది. ఇంకొకటి తెచ్చి కలిపాను. అదీ తరిగింది. ఐదు రోజులూ పూర్తయ్యాక వంటింట్లో పెద్దమ్మను గుసగుసగా అడిగాను:

“పాపకు ఇక చాక్లెట్ ఇవ్వొచ్చా?”

హాల్లోంచి జవాబొచ్చింది.

“ఇవ్వొచ్చు నాన్నా!”