గద్ద కాళ్ళ గొలుసు

జెండాలు కుట్టే కంపెనీలో ఉద్యోగం చేస్తానని గుంటూరులో ఇంగ్లిష్ ఎం.ఏ. చదివే రోజుల్లో ఎవరైనా చెబితే నవ్వి ఉండేదాన్ని. 2003లో మావారి వెంట దుబాయ్ వచ్చాను. ఏడాదిపాటు ఇంట్లో కూర్చుని విసుగెత్తాక, బర్ దుబాయ్‌లో బట్టల కొట్ల సందు చివర, ఒక పాత భవనం రెండో అంతస్తులో ఉన్న ఆ కంపెనీలో చేరాను. హోటళ్ళకూ ఆఫీసులకూ ఏ దేశం జెండా కావాలన్నా అక్కడ కుట్టి ఇచ్చేవాళ్ళు. వచ్చిన మెయిళ్ళు చదివి, ఏం కావాలో కుట్టేవాళ్ళకు వివరంగా చెప్పడం, ఉత్తరాలు టైపు చేయడం నా పని.

మేనేజరుని అక్కడ అందరూ ముదీర్ అనేవాళ్ళు. సింధీ పెద్దమనిషి, ఎవరితోనైనా హిందీలోనే మాట్లాడేవాడు. నన్ను తీసుకున్న రోజే, "నీ ఇంగ్లిష్ చూసి తీసుకుంటున్నాను. మూడు నెలలు చూస్తా, తర్వాత ఖాయం చేస్తా" అన్నాడు. ఆ మూడు నెలలు పూర్తికాక ముందే ఇదంతా మొదలైంది.

మగ్గం పని అంతా ఒకే మనిషి చేతి మీద నడిచేది. కడప దగ్గర పల్లె ఆయనది, ముస్లిం, అప్పటికే యాభై దాటాయి. చెక్క చట్రానికి బట్ట బిగించి, జరీ దారంతో సింహాలూ ఖడ్గాలూ ఖర్జూరపు చెట్లూ కుట్టేవాడు. ఆ అంతస్తులో తెలుగు మాట్లాడేవాళ్ళం మేమిద్దరమే. నేను భాయ్ అనేదాన్ని, ఆయన మేడమ్ అనేవాడు. పదకొండింటికి చాయ్ వచ్చినప్పుడు నా కప్పు తీసుకుని ఆయన మగ్గం పక్కకు వెళ్ళి కూర్చునేదాన్ని. ఆయన ఉర్దూ చదివేవాడు, తెలుగులో సంతకం పెట్టేవాడు. ఇంగ్లిష్ రాదు.

ఒక పెద్ద హోటల్ నుంచి ఆర్డరు వచ్చింది. ఆస్ట్రియా దేశపు అధికారులు కొందరు వస్తున్నారు, వాళ్ళకిచ్చే విందులో వేదిక వెనక వేలాడదీయడానికి ఆ దేశపు చిహ్నం కావాలి, మిషను మీద కాదు, చేత్తో కుట్టింది కావాలి అన్నారు. మెయిల్‌తోపాటు చిన్న బొమ్మ ఒకటి, మూడు పేజీల వివరణ ఒకటి పంపారు. బొమ్మను నేను ప్రింటు తీసి, కాపీ మిషను మీద మనిషంత ఎత్తుకు ముక్కలు ముక్కలుగా పెద్దది చేసి అతికించాను. నల్ల గద్ద, రొమ్ము మీద ఎరుపు తెలుపు ఎరుపు చారల డాలు, ఒక కాలిలో కొడవలి, ఇంకో కాలిలో సుత్తి. పెద్దది చేసేసరికి కాళ్ళ దగ్గర సిరా అలుక్కుపోయి నల్లటి మరకలా తయారైంది.

భాయ్‌కి ఏది కుట్టినా దాని కథ తెలియాలి. "ఈ దేశానికి రాజెవరు మేడమ్?" అని అడిగాడు.

నేను కాగితం చూసి చెప్పాను. "రాజు లేడు భాయ్. తొమ్మిది రాష్ట్రాలు కలిసిన దేశం. పైన అధ్యక్షుడు ఉంటాడు. ప్రభుత్వం నడిపేది మాత్రం ఛాన్సలర్ అని ఇంకొకాయన."

"సంతకం ఒకరిది, పని ఒకరిది. మన కఫీలు, ముదీరు మాదిరి" అన్నాడు. మా కఫీల్, అంటే కంపెనీ ఎవరి పేరు మీద ఉందో ఆ స్థానిక యజమాని, ఏడాదికి రెండుసార్లు వచ్చి ఖర్జూరాలు తిని సంతకాలు పెట్టి వెళ్ళేవాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

"రాజు లేడంటిరి. మరి దాని నెత్తిన కిరీటం యాడిది?"

"అది రాజు కిరీటం కాదట. కోటగోడ. పట్నాల్లో ఉండేవాళ్ళకు గుర్తు. కొడవలి రైతులకు, సుత్తి కూలీలకు. ఈ గద్ద ఉన్న జెండా ప్రభుత్వ ఆఫీసులవాళ్ళే ఎగరేయాలట. మామూలు జనానికి గద్ద లేని జెండా."

"సర్కారుకు గద్ద, మనకు వట్టి గుడ్డ" అని తల ఊపి, సూదిలో దారం ఎక్కించుకున్నాడు. రైతుకూ కూలీకీ కూడా ఆ పక్షి కాళ్ళలో చోటిచ్చారంటే మంచి దేశమే అయివుంటుందన్నాడు.

నేను చదివింది రెండు పేజీలే. మూడో పేజీ తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

నాలుగైదు రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం నేను ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతుంటే ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఆ కాపీ కింది ముక్క ఉంది.

"మేడమ్, కాళ్ళకాడ గొలుసు ఉండాది. ఇది తెగిందా, కలిసుందా? మరకలో తెలియడంలే."

నేను ఫోను చేత్తో మూసి, కాగితం వంక సరిగా చూడనైనా చూడకుండా, "గొలుసంటే కలిసే ఉంటుంది భాయ్. కలిపి కుట్టెయ్" అన్నాను.

"కాగితంలో ఏమన్నా రాసుంటుందేమో, ఒక తూరి చూడండి."

"చూశాను. కలిపెయ్."

చూడలేదు. ఆ అబద్ధం ఎందుకు ఆడానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. చూడలేదని ఒప్పుకోవడం కన్నా చూశాననడం ఆ క్షణానికి సులువుగా ఉంది, అంతే.

పదకొండు రోజులు కుట్టాడు. రెక్కల్లో ఒక్కో ఈకకూ రెండు రకాల నలుపు దారాలు వాడాడు. వెలుగు పడితే ఈకలు కదిలినట్టుండేవి. రెండు కాళ్ళకూ మధ్య వెండి జరీతో గొలుసు, ఒక్కో లంకె విడివిడిగా, నిజం ఇనుములా కుట్టాడు. ముదీర్ కూడా వచ్చి కాసేపు ఊరికే చూసి వెళ్ళాడు.

హోటల్‌కి పంపిన మర్నాడు ఉదయం ఫోన్ వచ్చింది. తీసింది నేనే. అవతల హోటల్‌లో విందు ఏర్పాట్లు చూసే ఆవిడ. అతిథుల తరఫున ముందుగా హాలు చూడటానికి వచ్చినాయన అది చూసి కిందికి దించేయమన్నాడట. ఆ గద్ద కాళ్ళకు ఉండాల్సింది తెగిన గొలుసు. నియంతృత్వం నుంచి దేశం బయటపడ్డాక, ఆ విడుదలకు గుర్తుగా దాన్ని పెట్టుకున్నారు. మీరు దాన్ని మళ్ళీ కట్టేశారు అన్నదావిడ. అరవలేదు. అలసిపోయినట్టు చెప్పింది. విందు మర్నాడు సాయంత్రం.

ఫోన్ పెట్టేసి ఫైలు తీసి మూడో పేజీ చూశాను. రెండో పంక్తిలోనే ఉంది, తెగిన ఇనుప గొలుసు అని. 

ముదీర్ గది నుంచి బయటికొచ్చాడు. హోటల్‌వాళ్ళు ఆయనకూ చేసినట్టున్నారు. హాల్లో అందరి ముందూ నన్ను అడిగాడు.

"కాగితాలు వాడికి ఇచ్చావా?"

"ఇచ్చాను సార్" అన్నాను.

ఇచ్చిన మాట నిజమే. ఆ మూడు ఇంగ్లిష్ పేజీల కాపీ ఆయన మగ్గం పక్కనే ఉంది. ముదీర్, భాయ్ వైపు తిరిగాడు. భాయ్ నా వైపు చూశాడు. కోపంగా కాదు. నేను ఏదో చెప్పబోతున్నానని, చెప్పేదాకా ఆగుదామన్నట్టు చూశాడు. నేను తల దించుకుని ఫైలు తాడు ముడి వేయడం మొదలుపెట్టాను.

"తెచ్చీయండి సార్. రేపటికి సరిచేస్తా" అని మాత్రం అన్నాడాయన, హిందీలో.

గద్ద తిరిగొచ్చింది. ఆ పగలంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా ఆయన మగ్గం మీంచి లేవలేదు. కుట్టడం కన్నా విప్పడం కష్టం. వెండి జరీ లాగితే వెల్వెట్ మీద సూది గుచ్చిన చుక్కలు మిగిలిపోతాయి. వాటిని ఒక్కొక్కటీ గోటితో రుద్ది, ఆవిరి పట్టి పూడ్చాడు. నాలుగు లంకెలు తీసేసి, రెండు వైపులా తెగిన కొసలు వేలాడేటట్టు మళ్ళీ కుట్టాడు. నేను చాయ్ తీసుకెళ్ళి పెట్టాను. తాగలేదు, వద్దనీ అనలేదు. విందు వేళకు అది హోటల్ చేరింది. వాళ్ళు బాగుందన్నారు కూడా.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ ముదీర్‌కి కోపం దిగలేదు. రెండు రోజుల తర్వాత నన్ను పిలిచి, భాయ్ పేర ఒక హెచ్చరిక ఉత్తరం టైపు చేయమన్నాడు. రాతలో ఇచ్చిన సూచనలు పట్టించుకోకుండా పనిచేసి కంపెనీ పరువు తీశాడనీ, అందువల్ల చేతిపని నుంచి తప్పించి ఊరి చివర అల్ వర్సాన్‌లో ఉన్న గోడౌన్‌కి మారుస్తున్నామనీ. ఒక్కో మాటా ఆయన హిందీలో చెబుతుంటే నేను మంచి ఇంగ్లిష్‌లోకి మార్చాను. ఒకచోట నా వాక్యం ఆయనకు నచ్చి మెచ్చుకున్నాడు కూడా.

ఉత్తరం పట్టుకుని భాయ్ దగ్గరికి వెళ్ళింది నేనే.

"ఏముండాది మేడమ్ ఇందులో?"

"మామూలు కాగితమే భాయ్. గోడౌన్‌కి మారుస్తున్నారు కదా, దానికోసం. సంతకం పెట్టు."

నేను చెప్పానని పెట్టాడు. తెలుగులో, అక్షరాలు కూడబలుక్కుంటున్నట్టు నెమ్మదిగా.

తర్వాతి నెలలో నా ఉద్యోగం ఖాయమైంది. ఆయన చోట కంప్యూటరుతో నడిచే ఎంబ్రాయిడరీ మిషను వచ్చింది. దాన్ని చూసే పని కూడా నాకే ఇచ్చారు. నేను దాన్ని బాగానే నడిపాను. అబద్ధం చెప్పను, మొదటి ఏడాది ఈ సంగతి మరిచిపోయిన రోజులే ఎక్కువ. అయితే ఎవరైనా నా ఇంగ్లిష్‌ని మెచ్చుకున్నప్పుడు మాత్రం ముఖం వేడెక్కేది.

2007లో ఒక ఉదయం భాయ్ ఆఫీసుకు ఫోన్ చేశాడు, ముదీర్ కోసం. తూర్పు తీరాన ఖోర్ ఫక్కాన్‌లో అబాయాల మీద, అంటే అరబ్బు ఆడవాళ్ళు పైన తొడుక్కునే నల్లటి గౌన్ల మీద, పూసల పని చేసే కొట్టువాళ్ళు ఆయన్ని తీసుకుంటామన్నారట. అక్కడికి మారాలంటే మా కంపెనీ విడుదల కాగితం ఇవ్వాలి. ముదీర్ ఫైలు తెప్పించి, హెచ్చరిక ఉత్తరం చూసి, ఇవ్వనన్నాడు. హెచ్చరిక ఉత్తరం ఉంది కాబట్టి ఇవ్వడం లేదని భాయ్‌కి చెప్పమని ఫోన్ నాకే ఇచ్చాడు. చెప్పాను. 

"ఏం ఉత్తరం మేడమ్?" అన్నాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మావారితో బజారుకని చెప్పి టాక్సీలో అల్ వర్సాన్ వెళ్ళాను. గోడౌన్ వెనక రేకుల నీడలో ఆయన బట్టలు ఉతుక్కుంటున్నాడు. గోడౌన్‌లో మూడేళ్ళుగా జెండా గుడ్డలు చుట్టి కట్టలు కట్టే పని చేస్తున్నాడు. వేళ్ళు మోటుగా తయారయ్యాయి. నన్ను చూసి లుంగీ సర్దుకుని, ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశాడు. నేను కూర్చోలేదు. ఉత్తరంలో ఏముందో మాట మాటా తెలుగులో చెప్పాను. మూడో పేజీ చదవలేదని చెప్పాను. చూశానని అబద్ధమాడానని చెప్పాను.

ఆయన బకెట్ వైపు చూస్తూ విన్నాడు.

"మీరు చదవలేదని నాకు ఆ రోజే తెలుసు మేడమ్. ఉత్తరం సంగతే తెలీదు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు భాయ్, ముదీర్‌కి?"

"మీరే చెప్తారనుకున్యా. ఒక నెల చూసినా. రోజూ అనుకునేటోణ్ణి, ఈ రోజు చెప్తుందిలే అని. ఆ తర్వాత మానుకున్యా."

తిట్టి ఉంటే బాగుండేది. క్షమించమని అడిగాను. "అవన్నీ ఎందుకులే. ఆ కాగితం సంగతి చూడండి" అన్నాడు.

ఆదివారం ముదీర్ గదిలోకి వెళ్ళి తలుపు వేశాను. అన్నీ చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మూడేళ్ళయింది. ఖలాస్. ఇప్పుడెందుకు తవ్వుతున్నావు?"

"ఆయన ఫైల్లో ఉన్న ఉత్తరం అబద్ధం సార్. రాసింది నేను. అది తీసేసి విడుదల కాగితం ఇవ్వండి. నన్ను తీసేయాలంటే తీసేయండి."

తీసేయలేదు. అప్పటికి మిషను పనంతా నాకే తెలుసు, అందుకని కావచ్చు. ఆ సంవత్సరం జీతం పెంచలేదు, ఇంకెప్పుడూ నన్ను ఏ విషయంలోనూ సలహా అడగలేదు. ఉత్తరం మాత్రం నా ముందే చింపాడు. భాయ్‌ని మళ్ళీ మగ్గం మీద కూర్చోబెడతామని కూడా కబురు పెట్టాడు. వద్దన్నాడాయన. విడుదల కాగితం నేనే టైపు చేశాను. అందులో ఇన్నేళ్ళ పనిలో ఆయన వల్ల ఏ తప్పూ జరగలేదని ఒక వాక్యం చేర్చాను. ముదీర్ చదివి సంతకం పెట్టాడు.

మరుసటి ఏడాది మావారి స్నేహితుల కుటుంబాలతో కలిసి ఖోర్ ఫక్కాన్ సముద్రం చూడటానికి వెళ్ళాం. అందరూ నీళ్ళల్లో ఉండగా నేను బజారులో ఆ కొట్టు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక నల్ల అబాయా చేతి అంచుకు పూసలు కుడుతున్నాడు. లేచి నిలబడ్డాడు. కొట్టు యజమానితో, "ఈ మేడమూ నేనూ ఒకే ఆఫీసులో పనిచేసినాం" అని హిందీలో పరిచయం చేశాడు. చల్లటి లబన్, అక్కడి మజ్జిగ, తెప్పించాడు. ఇంట్లో వాళ్ళ గురించి అడిగితే కూతురి పెళ్ళయిందని చెప్పాడు, నా ఆరోగ్యం అడిగాడు. మర్యాదలో ఏ లోటూ లేదు. కానీ మేం చాయ్ తాగుతూ నవ్వుకున్న రోజుల్లోలాగా నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. వస్తానని లేచేసరికి మళ్ళీ సూది అందుకున్నాడు.

కారు దగ్గరికి వచ్చేసరికి పిల్లలు తడి కాళ్ళతో ఇసుక మోసుకొస్తున్నారు. ఎక్కడికెళ్ళావని మావారు అడిగారు. ఆ సాయంత్రం తిరుగు దారిలో, కొండల మధ్య రోడ్డు మీద, మొదటిసారి ఆయనకు ఇదంతా చెప్పాను. ఆయన కారు వేగం తగ్గించారు. తర్వాత, "మూడేళ్ళు ఎట్లా ఊరుకున్నావు?" అన్నారు.