దారానికి కట్టిన నిద్ర

డ్రిల్లు మాస్టారి ప్యాంటు అంచు మడిచి కుడుతూ టైలరు గారు చిన్న కునుకు తీశారు. కాళ్ళు మాత్రం మిషను తొక్కుతూనే ఉన్నాయి. మెలకువ వచ్చి చూస్తే కుట్టు తిన్నగానే పడింది. కాకపోతే ప్యాంటుతో పాటు టైలరు గారి చొక్కా అంచు కూడా అందులో కలిసింది. ఆ సంగతి ఇద్దరూ గమనించలేదు. మాస్టారు ప్యాంటు చంకన పెట్టుకుని బయల్దేరారు. టైలరు గారు కూడా బయల్దేరవలసి వచ్చింది.

"సాగనంపడానికి వీధి దాకా రానక్కర్లేదండీ," అన్నారు మాస్టారు, వెనక్కి తిరక్కుండానే.

వీధి వీధంతా నవ్వింది. టైలరు గారూ నవ్వారు. కత్తెర తీసి సొంత చొక్కా కత్తిరించుకుని ప్యాంటుని కాపాడారు.

ఆయన నిద్ర అలా పగటిపూటకి మారి అప్పటికి మూడేళ్ళు. భార్యకి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. తనంతట తాను ఒత్తిగిలలేదు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే పుండ్లు పడతాయని, పడితే మానడం కష్టమని నర్సమ్మ చెప్పింది. ఆ మాట ఆయన గుండెల్లో గుండుసూదిలా దిగిపోయింది.

పగలు పక్కింటి వదిన చూసుకునేది. రాత్రి ఆయన వంతు. అలారం పెడితే ఇరుగుపొరుగు గోల. అందుకని నాలుగు పేటల దారం తీసి, ఒక కొస ఆవిడ ఎడమచేతి బొటనవేలికి ఉచ్చులా వేసి, రెండో కొస తన మణికట్టుకి కట్టుకున్నారు. నడుము నొప్పెడితే ఆవిడ లాగేది. ఆయన లేచి, తిప్పి, కత్తిరింపు ముక్కలు కూరి కుట్టిన దిండు వీపు వెనక దోపేవారు.

ఆవిడ ఒంటి మీద ఎర్రమచ్చ అన్నది లేదు. ఆయనకి మాత్రం బీపీ పెరిగింది, షుగరు వచ్చింది, సూదిలో దారం ఎక్కించబోతే వేళ్ళు వణకడం మొదలైంది.

"రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారు?" అన్నాడు డాక్టరు.

"అన్నీ కలిపితే ఆరు దాకా వస్తాయండీ."

"ముక్కలు కలిపితే చొక్కా అవుతుందేమో గానీ నిద్ర అవదు టైలరు గారూ. ఇలాగే ఉంటే ఆవిడ పక్కన మీకూ ఓ మంచం వెయ్యాలి. అప్పుడు ఆవిణ్ణి ఎవరు తిప్పుతారు?"

ఇంటికొచ్చి ఈ ముచ్చట నవ్వుతూ భార్యకి చెప్పేశారు. చెప్పకుండా ఉండాల్సింది.

మర్నాడు ఎండ మొహాన పడేదాకా ఆయనకి మెలకువ రాలేదు. ఒళ్ళు దూదిపింజలా తేలిపోతోంది. అలా లేచి ఎన్నేళ్ళయిందో! ఆవలిస్తూ చేతికున్న దారం కేసి చూశారు. రెండో కొస ఆవిడ వేలికి లేదు. పళ్ళతో ఉచ్చు ఊడదీసి దిండు కింద దాచుకుంది. కళ్ళు జ్యోతుల్లా ఎర్రగా ఉన్నాయి.

"లాగలేదేమే?"

"గురక... బాగుందండీ," అంది వంకర నోటితో నవ్వుతూ.

నడుము కింద కోటు బొత్తామంత ఎర్రమచ్చ కనిపించింది. అది పుండై, మానడానికి నెలలు పట్టింది. మానింది. కానీ ఆయన మళ్ళీ దారాన్ని నమ్మలేదు. ఆవిడ లాగినా లాగకపోయినా లేవడం అలవాటు చేసుకున్నారు.

ఆ చలికాలం ఆవిడ ఊపిరితిత్తులకి నెమ్ము చేరి, నాలుగు రోజుల్లో ప్రాణం తీసుకుపోయింది. చివరి స్నానం చేయించిన ఆడవాళ్ళు, "ఆ ఒక్క మచ్చ తప్ప, ఇన్నేళ్ళు మంచాన పడ్డ ఒళ్ళులా లేదు," అన్నారు. ఆయనకి మొదటి ముక్కే వినబడింది.

తర్వాత కూతురు వచ్చి కొన్నాళ్ళు ఉంది. సాయంత్రం టీ మానిపించింది. షాపు ఆలస్యంగా తెరిపించింది. నిద్రకి ఇక అడ్డేముంది? మంచమంతా ఆయనదే. అయినా బీపీ దిగిరాలేదు. ఓ రాత్రి మంచం కిర్రుమంటే ఆ అమ్మాయి లేచి చూసింది. ఆయన కూర్చుని, గుడ్డముక్కల దిండు ఇటు నుంచి తీసి అటు పెట్టుకుంటున్నారు.

"ఏంటి నాన్నా ఇది! ఎవరు లేపారని లేచావ్? తెల్లార్లూ హాయిగా పడుకోవచ్చుగా. నీ ఒళ్ళు ఏమైపోవాలి?"

టైలరు గారు దిండు వీపు వెనక దోపుకుని గోడవైపు తిరిగారు.

"ఒక్క పక్కకే ఎంతసేపని పడుకుంటానమ్మా!"