క్రియాటినిన్ బాగుంది, మెడలో గడ్డ ఉంది

మందస దగ్గరి మా తోటలో తల వెనక్కి వంచి బొండం నీళ్లు తాగుతున్నాను. ఎదురుగా కూర్చున్న మా ఆడపడుచు సువార్త నవ్వుతున్నదల్లా ఆగిపోయింది.

"వదినా, మళ్లీ ఓ గుటక మింగు. పీకలో ఏటది, ఉండలాగ పైకెగిరింది?"

తడిమి చూసుకున్నాను. కుడివైపు రేగుపండంత గడ్డ, గట్టిగా ఉంది. నొప్పి లేదు.

మర్నాడు పలాసలో ఒక క్లినిక్‌కి వెళ్లాను. డాక్టరు ముందు మా ఊరి పేరు అడిగాడు. చెప్పగానే కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష రాశాడు. మెడ సంగతి మళ్లీ చెబితే థైరాయిడ్‌కి చేసే టీఎస్‌హెచ్ కూడా చేర్చాడు. రెండూ నార్మల్. "ఉద్దానం వాళ్లకి ఇంతకంటే మంచి కబురేముంటుందమ్మా?" అని పంపేశాడు. గడ్డ మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

మా ఇంట్లో ఆ రిపోర్టు చూసి పండగ చేసుకున్నారు. మా ఉద్దానంలో ఇంటింటా ఉన్న కిడ్నీ జబ్బుతోనే మామగారు పోయారు. మా వీధిలో మనిషి ఎదురైతే క్షేమం అడగరు, క్రియాటినిన్ ఎంతుందని అడుగుతారు. అత్త మోకాళ్ల మీద కూర్చుని దేవుడికి కృతజ్ఞతలు చెప్పి లేచింది. "కిడ్నీ బాగుంది కదే, ఇంకేటి నీకు? పీకలో ఉండకి ఎవులైనా సచ్చారేటి?"

ఆ భయాన్ని నేను వెక్కిరించను. మా ఇళ్లలో మనుషుల్ని పొట్టనపెట్టుకున్న జబ్బు అది. కానీ ఒక జబ్బు లేదని తేలితే ఇక ఏ జబ్బూ లేనట్టేనా? అత్త అలా అనుకుందంటే అర్థముంది. వైద్యం చదివిన మనిషి కూడా అలాగే అనుకుంటే ఎవరితో వాదించాలి?

వాదించడమే నా పని. తాయెత్తులకి, స్వస్థత సభలకి వ్యతిరేకంగా పలాసలో, టెక్కలిలో వేదికలెక్కి మాట్లాడినదాన్ని. ఆ గొంతు పక్కనే ఇప్పుడు గడ్డ పెరుగుతోంది.

కొన్ని నెలలకి బయటికే కనిపించసాగింది. విశాఖ వెళ్లాం. అల్ట్రాసౌండ్‌లో "సాలిడ్ నాడ్యూల్, టిరాడ్స్ ఫోర్" అని వచ్చింది, అంటే క్యాన్సరేమోనని అనుమానించాల్సిన గట్టి గడ్డ. ఎఫ్‌ఎన్‌ఏసీ చేయాలన్నారు, అంటే సన్న సూదితో గడ్డలోని కణాలు తీసి చూడడం.

"సూది గుచ్చితే పాకిపోద్దంట, వద్దే" అంది అత్త. వినకుండా చేయించుకున్నాను. "కణాలు చాల్లేదు, మళ్లీ చేయాలి" అన్నారు. అత్తకి ఇంకేం కావాలి? దారంతా సాధించింది. రెండోసారి "ఫాలిక్యులర్ నియోప్లాజమ్" అని వచ్చింది.

"క్యాన్సరా?" అని సర్జన్‌ని అడిగాను.

"సూదితో తేలదమ్మా. సగం థైరాయిడ్ తీసి బయాప్సీకి పంపితేనే తెలుస్తుంది."

"నా గొంతు?"

"గొంతు నరం పక్కనే ఉంటుంది. జాగ్రత్తగా చేస్తాం. హామీ మాత్రం ఇవ్వలేను."

కోపం వచ్చింది. కానీ ఇన్ని నెలల్లో తెలియనిదాన్ని తెలియదని చెప్పిన మొదటి మనిషి ఆయనే. సంతకం పెట్టాను.

ఆపరేషన్ తర్వాత నోరు తెరిస్తే గాలి వచ్చింది, మాట రాలేదు. నరం వాచిందన్నారు, ఓపిక పట్టమన్నారు. ఈలోగా బయాప్సీ వచ్చింది. క్యాన్సర్ కాదు.

అత్త కళ్లు తుడుచుకుని, వెంటనే మొదలెట్టింది. "కేన్సరే కానప్పుడు ఉత్తినే కోయించుకున్నావు గదే!"

అరవలేక గుసగుసగా అన్నాను. "కొయ్యకముందు ఆ సంగతి ఎవరికి తెలుసత్తా?"

సువార్త పకపకా నవ్వింది. "వదినకి గొంతు పోయినాదిగానీ వాదన పోనేదమ్మా!"

గొంతు నెమ్మదిగా తిరిగి వచ్చింది. ఎక్కువసేపు మాట్లాడితే ఇప్పటికీ బొంగురుపోతుంది. మిగిలిన సగం గ్రంథి బాగానే పనిచేస్తోంది. మాత్రలు అవసరం పడలేదు, అప్పుడప్పుడు టీఎస్‌హెచ్ చేయించుకుంటున్నాను. అది కాక, క్రియాటినిన్ కూడా. నేనూ ఉద్దానం మనిషినే.

చదువుతున్నవారికి ఒక్కటే చెబుతాను. టీఎస్‌హెచ్ గ్రంథి ఎలా పనిచేస్తోందో చెబుతుంది, గడ్డలో ఏముందో చెప్పదు. మెడలో ఉండ తగిలితే అల్ట్రాసౌండ్ చేయించమని గట్టిగా అడగండి. "నార్మల్" అని ఎవరైనా కాగితం చేతికిస్తే, ఏది నార్మలో చెప్పేదాకా కుర్చీలోంచి లేవకండి.