మా ఆదివారపు మద్యనిషేధం

ఇరవై నాలుగేళ్ల వయసులో మనిషికి తెలిసింది తక్కువ, చెప్పే నీతులు ఎక్కువ. ఆ రోజుల్లో నేను నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీలో, సంచుల మీద లేబుళ్లు తిన్నగా అతికాయో లేదో చూసే మహత్తర ఉద్యోగం వెలగబెట్టేవాణ్ణి. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఒక ద్వీపాన్ని ఏలేవాణ్ణి. అంటే, బోర్డు మీద ఆట. పాచికలు వేసి, గొర్రెలు, కట్టెలు, ఇటుకల కార్డులు మార్చుకుంటూ ఎవరు ముందు ఊళ్లు కట్టేస్తే వాళ్లు గెలిచినట్టు. ఆడేది నలుగురం: చర్చి నుంచి రాగానే తెల్లచొక్కా అయినా మార్చకుండా కూర్చునే లెక్కల సారు (ఆట వాళ్లింట్లోనే), వీధి చివర టైలర్ భాయ్, నేను, ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చే మా బావ (అక్క మొగుడు). అక్కడ ఆయనకు ట్రాక్టర్ల రిపేరు షెడ్డు ఉంది. ఆయన చేతిసంచిలో రెండు బీరు సీసాలు కూడా క్రమం తప్పకుండా ప్రయాణం చేసేవి.

ఒక ఆదివారం బావ రెండో సీసా సగంలో ఉండగా "నా ఊరు ఈడ కడతాండా!" అని చెయ్యి విసిరాడు. సీసా బోర్డు మీద పడింది. ద్వీపానికి వరదొచ్చి గొర్రెలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వాసనకు సారు భార్య లోపలి నుంచి వచ్చింది. "ఏందప్పా ఇది? రేపు పొద్దున ఈ రూములోనే పిల్లోళ్లకు ట్యూషన్ చెప్పల్ల. ఇట్లయితే మీ ఆట రోడ్డు మీద ఆడుకోండి" అంది. బావ ఆమెను శాంతింపజేయడానికి ఒక తడి గొర్రెను ఇవ్వబోయాడు.

ఆయన బస్సెక్కాక మేం ముగ్గురం కూర్చుని రూల్సు రాశాం. ఆట అయ్యేదాకా మద్యం ముట్టరాదు. సిగరెట్టు, గుట్కా గేటు బయటే. "మరి నా జర్దా పాన్?" అన్నాడు భాయ్. అది మత్తు కాదు, సంప్రదాయం అని తీర్మానించాం (ఆయన మా ప్యాంట్లు ఊరికే బిగించి ఇచ్చేవాడు). సారు గంటకోసారి తాగే కాఫీ మాట ఎవరూ ఎత్తలేదు. ఈ విధంగా నిషేధం అందరికీ సమానంగా, బావ ఒక్కడి మీద పడింది. ఆ మధ్యాహ్నం నేనూ ఒక గ్లాసు తాగానన్న సంగతి, ముత్యాల్లాంటి అక్షరాలతో రూల్సు రాస్తున్న నాకు గుర్తు రాలేదు.

ఎదురుగా చెప్పడమే మర్యాద అంటూ సారు నన్నే ఆళ్లగడ్డకు తోలాడు (బావ ఆయనకు బావ కాదు కదా). షెడ్డులో బావ గ్రీసు చేతులతో కాగితం పట్టుకుని చదివాడు.

"ఇది నాకోసమే రాసినారా?"

"అందరికీ బావా."

"అందర్లో తాగి పడేది నేనొక్కన్నే గదప్పా."

ఆయన మళ్లీ ట్రాక్టరు కిందికి దూరాడు. అక్క అన్నం పెట్టింది గానీ బావ నాతో కూర్చుని తినలేదు. రెండు ఆదివారాలు రాలేదు కూడా. ఒక కాగితం ముక్క కోసం అక్క ఇంటికి దూరమయ్యానేమోనని లోలోపల బెంగ పట్టుకుంది.

మూడో ఆదివారం వచ్చాడు. "రూలంటే రూలేనప్పా" అని ఖాళీ చేతులతో కూర్చున్నాడు. మా సంతోషం పావుగంట నిలిచింది. అంతకు ముందు "తీస్కోప్పా, గొర్రె పోతే ఏంది!" అని ఊరికే ఇచ్చేసిన మనిషి, ఇప్పుడు ఒక్క గొర్రెకు మూడు ఇటుకలు అడుగుతున్నాడు.

"యాడన్నా ఉందా బావా ఈ ధర?"

"ఈడుంది. కావల్లంటే తీస్కో, ల్యాకుంటే పో."

గంటలో గెలిచాడు. తర్వాతి వారమూ గెలిచాడు, ఆ పై వారమూ గెలిచాడు. అన్నాళ్లూ మేం గెలిచింది మా తెలివితో కాదని, ఆయన బీరుతోనని అర్థమైంది.

చర్చిలో పాటలు పాడి వచ్చిన ఆ గొంతుతోనే సారు ఒకరోజు మెల్లగా "ఆ రూలు మరీ గట్టిగా పెట్టినామేమో" అన్నాడు. "ఎండలు గూడా ఎక్కువున్నాయి" అన్నాడు భాయ్. సారు భార్య పుట్టింటికి పోయిన వారం చూసుకుని నేనే బీరు తెచ్చి, నురగ పొంగేలా పోసి, బావ ముందు పెట్టాను. ఆయన గ్లాసు వంక చూశాడు, నా వంక చూశాడు.

"వద్దప్పా. తాగితే లెక్క తప్పుతాది. నీ ఇటుకలు ఇట్లియ్యి."

పారబొయ్యడానికి మనసొప్పక గ్లాసు నేనే ఖాళీ చేశాను. ఆ రోజు అందరికంటే ఘోరంగా ఓడింది కూడా నేనే.

ఇప్పటికీ ఆళ్లగడ్డ పోతే అక్క అంటుంది: "నీ పుణ్యాన మీ బావ మారినాడు రా. ఆదివారం తాగకుండా ఇంటికొస్తాండాడు." అంటూ సంగటి మీద ఇంకో గంటెడు నెయ్యి వేస్తుంది. నేను సంఘసంస్కర్తలా తల వంచుకుని తింటాను. పక్కన బావ పప్పు కలుపుకుంటూ ఉంటాడు. బావకు మళ్లీ బీరు పోసిన నిజం చెప్పాల్సింది నేనేనని తెలుసు. నెయ్యి కమ్మగా ఉంటుంది, ఈసారికి పోనీలే అనుకుంటాను.